ఎముకల నిలువధనము: చీనా మూలికలు, మన నల్లేరు, రాగిచేను



మన గోరంట్ల చుట్టుపట్ల పల్లెలలో ఏటేట కనబడు సంగతి యొకటి కలదు. డెబ్బదియేండ్ల అవ్వ వేకువజామున లేచి పెరటికి పోవుచు గడప తగిలి పడును. మిద్దెమీదినుండి కాదు, చెట్టుమీదినుండి కాదు. నిలుచున్న నేలమీదనే పడును. కాని తిరిగి లేవజాలదు. తుంటియెముక విఱిగినది. నలువదియేండ్లు కలుపుతీసి, వేరుసెనగ పెఱికి, నెత్తిమీద పచ్చగడ్డిమోపులు మోసిన శరీరమది. అటువంటి గట్టి మనిషి యెముక అంత చిన్న దెబ్బకు ఏల విఱుగవలయును? "వయసు మీఱినది, ఏమి చేయుదుము" అని ఇంటివారు సరిపెట్టుకొందురు. వివిధదేశముల లెక్కలనుబట్టి చూడగా, తుంటి విఱిగిన వృద్ధులలో ఇంచుమించు అయిదవవంతు ఏడాది తిరుగకమున్నే గతించుచున్నారు. బ్రదికినవారిలోను పలువురు మునుపటివలె నడువజాలకున్నారు. కావున ఇది చిన్న విషయము కాదు.

ఆ యెముక నాడు విఱిగినది గాని, చెడుట ప్రారంభించినది ఇరువది ముప్పది యేండ్లకు ముందే. పైకి చెక్కుచెదరని దూలమును లోలోపల చెదలు తిన్నట్లు ఎముక లోపల గుల్లబాఱును. నొప్పి లేదు, వాపు లేదు, జ్వరము లేదు. విఱిగిననాడే తెలియును. వైద్యులు దీనిని ఆస్టియోపొరోసిస్ అందురు. మనము ఎముకల గుల్లతనము అని చెప్పుకొందము.

ఈ గుల్లతనమునకు చీనాదేశపు మూలికలు దివ్యౌషధములని కొందఱు చెప్పుదురు. మన కంచెమీది నల్లేరే చాలునని కొందఱందురు. ఈ మాటలలో నిజమెంత, నమ్మదగినదెంత, మన చేనిలోను మన వంటయింటను ఉన్న మందేది అను విషయమును ఈ పాఠమున వివరింతుము.

ఎముక యనగా నేమి?

ఎముక ఱాయివంటి జడపదార్థము కాదు. అది ప్రాణముగల పదార్థము. చెఱువుకట్టను ఏటేట పాత మట్టి త్రవ్వి క్రొత్త మట్టి వేసి బాగుచేసినట్లు, ఎముకలో ఒక జాతి కణములు పాత భాగమును కరగించుచుండును. మఱియొక జాతి కణములు క్రొత్తది కట్టుచుండును. బాల్యమునుండి ఇంచుమించు ముప్పదియేండ్ల వఱకు కట్టుట ఎక్కువ, కరగుట తక్కువ. ఆ పిమ్మట కొంతకాలము రెండును సరిసమానముగా నడచును. తరువాత కరగుటయే మిక్కిలి యగును. స్త్రీలకు ముట్లుడిగిన పిదప కొన్ని సంవత్సరములు ఈ నష్టము త్వరితముగా సాగును. అందుచేతనే ముసలితనమున ఎముకలు విఱుగుట పురుషులకంటె స్త్రీలయందు అధికము.

సహకారసంఘ సభ్యులకు ఈ విషయము ఖాతా లెక్కగా చెప్పిన సులభముగా బోధపడును. శరీరమందలి కాల్షియమను సున్నపుధాతువులో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఎముకలలోను పండ్లలోను నిలువయుండును. మిగిలిన ఒక్క పాలు రక్తములోను కండలలోను ఉండి గుండె కొట్టుకొనుటకు, కండరములు కదలుటకు తోడ్పడును. ఈ ఒక్క పాలు తగ్గిన ప్రాణమునకే ముప్పు. కావున తిండిలో కాల్షియము చాలనినాడు శరీరము ఎముకల ఖాతానుండి తీసికొని రక్తమునకు చెల్లించును. ఒకనాడు తీసిన నష్టము లేదు. ముప్పదియేండ్లు జమ లేక తీయుచునే యున్నచో ఖాతా ఖాళీ యగును. ముప్పదియేండ్ల వయసులోపల ఎంత జమచేసితిమో దానిమీదనే ముసలితనమున నిలబడవలసి యున్నది.

చీనాదేశపు మూలికలు

చీనావారు వ్యవసాయమును, మూలికావైద్యమును తమకు నేర్పినవాడు షెన్నుంగ్ అను పురాణపురుషుడని నమ్ముదురు. ఆ పేరునకు దైవకర్షకుడని యర్థము. నాగలి పట్టుట నేర్పినవాడే నూఱు మూలికలు నమిలి చూచి గుణములు నిర్ణయించెనట! ఆయన పేరిట వెలసిన ప్రాచీన ఓషధిగ్రంథము క్రీస్తుశకారంభకాలపు నాటిదని పండితులు తలంచుచున్నారు. దానియందే దూజుంగ్ అను చెట్టుబెరడు నడుమునకు, నరములకు, ఎముకలకు బలమిచ్చునని చెప్పబడినది. ఆ బెరడు విఱిచిన వెండిదారములవంటి జిగురుపోగులు సాగుచు తెగక నిలుచును. తెగని పోగులు చూచి తెగిన యెముకకు మందనుకొనిరో యేమో!

రెండవది గూసూయిబూ. ఈ పేరునకు పగిలిన యెముకను చక్కచేయునది అని అర్థము. ఇది చెట్లమీదను బండలమీదను పెరుగు ఒక జాతి పర్ణపుమొక్క యొక్క దుంప. దీని దాయాది మొక్క మన దేశమునను కలదు. తమిళదేశపు కొల్లికొండలలో దాని దుంపను ముడవాట్టుకాల్ అను పేర అమ్ముదురు. కీళ్లనొప్పులకు అచ్చటివారు దానితో చారు కాచి త్రాగుదురు. మూడవది యిన్‌యాంగ్‌హువో అను ఆకుమొక్క. ఈ మూడును నేటికిని చీనా వైద్యులు ఎముకల గుల్లతనమున కిచ్చు యోగములలో ముఖ్యమైనవి.

మూత్రపిండములు ఎముకలకు అధిపతులు అనునది చీనా వైద్యుల మూలసూత్రము. వారి భాషలో మూత్రపిండమనగా కేవలము అవయవము కాదు, పుట్టుబలమునకు నిలయము. అయినను ఇందొక విశేషము కలదు. ఎండవలన మన చర్మమున పుట్టు డి విటమిను, తిండిలోని కాల్షియమును ఒంటబట్టించు శక్తిని తుదకు మూత్రపిండములందే పొందునని ఇరువదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మూత్రపిండములు చెడినవారికి ఎముకలును చెడును. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

ఈ మూలికలు పరీక్షకు నిలిచినవా? ఇన్‌యాంగ్‌హువో సారమును గూర్చి 2007లో ఒక మంచి పరిశోధన ప్రకటింపబడినది. ముట్లుడిగి చాలకాలమైన స్త్రీలను రెండు జట్లుగా చేసి రెండేండ్లు పరీక్షించిరి. ఇరుజట్లకును కాల్షియము ఇచ్చిరి. ఒక జట్టునకు మాత్రము ఆ మూలికాసారమును చేర్చి ఇచ్చిరి. మూలిక తిన్నవారి నడుము, తుంటి యెముకలు తక్కువగా తఱిగినవి. ఇది ఆశాజనకమే. కాని పరీక్షింపబడినవారు ఇంచుమించు నూఱుమంది మాత్రమే. ఎముక తఱుగుట తగ్గినదని తేలినది గాని, ఎముక విఱుగుట తగ్గునని తేలుటకు ఆ సంఖ్య చాలదు. మఱియు అది శుద్ధిచేసి కొలతప్రకార మిచ్చిన సారము. అంగడిలో దొరకు పొట్లము కాదు.

మన నల్లేరు

చీనావారి మాట అట్లుండనిండు. మన పొలముగట్లమీద, ముండ్లకంచెలమీద అల్లుకొని యడుగువారు లేక పెరుగు తీగ నల్లేరు. నాలుగు పలకల కాడ, జానెడు జానెడునకు కణుపు, కణుపునకొక ఆకు. ఇది ద్రాక్షజాతి తీగ. చూచుటకు ఎముకలను కీళ్లతో అతికినట్లే యుండును. సంస్కృతమున దీనికి అస్థిసంహారి, వజ్రవల్లి అని పేళ్లు. తమిళులు పిరండై యందురు. హిందీవారు దీనిని హడ్‌జోడ్, అనగా ఎముకల నతుకునది, అని పిలుతురు. చక్రదత్తము, భావప్రకాశము మొదలగు వైద్యగ్రంథములలో ఇది విఱిగిన యెముకలకు మందుగా చెప్పబడినది. లక్క, తెల్లమద్దిచెక్క, పెన్నేరుగడ్డ, గుగ్గులు మున్నగువానితో నల్లేరును చేర్చి చేయు లాక్షాగుగ్గులు నేటికిని ఆయుర్వేద వైద్యులు వాడుచున్నారు.

ఇది ఉత్త నమ్మకమే కాదు. 1960 తరువాతి సంవత్సరములలో కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందు ఉడుప, ప్రసాద్ అను వైద్యులు విఱిగిన యెముకలుగల జంతువులకు నల్లేరుసారమిచ్చి చూచిరి. సారము పుచ్చుకొన్న జంతువుల యెముకలు పుచ్చుకొననివానికంటె త్వరగా అతికినవని 1963, 1964 సంవత్సరములలో ప్రకటించిరి. తరువాత మనుష్యులమీదను కొన్ని పరీక్షలు జరిగినవి గాని అవి కొలదిమందిపై జరిగిన చిన్న పరీక్షలు. కాబట్టి చెప్పదగినదేమనగా: నల్లేరు విఱిగిన యెముక అతుకుటకు తోడ్పడవచ్చును, ముసలితనపు గుల్లతనమును నల్లేరొక్కటే మాన్పునని చెప్పుటకు ఆధారము చాలదు.

ఐనను కూరగా నల్లేరు మంచి పదార్థము. దానిని వండు తెలివి మన అవ్వలకు కలదు. లేతకొనల కణుపులు తీసివేసి, అంచుల నార ఒలిచి, చిన్న ముక్కలుగా తఱిగి, నూనెలో రంగుమాఱువఱకు బాగుగా వేపవలయును. పిమ్మట వేపిన ఎండుమిరపకాయలు, ఉద్దిపప్పు, నువ్వులు, తగినంత చింతపండు చేర్చి ఊరిబిండి నూఱవలయును. పచ్చినల్లేరు నోట పెట్టిన నాలుక, గొంతు దురదపెట్టును. అందులోని సూదులవంటి స్ఫటికములే దీనికి కారణము. వేపుటవలనను పులుపువలనను ఆ దురద పోవును. తఱుగునపుడు చేతులకు నూనె రాచుకొనవలయును. మూత్రపిండములలో ఱాళ్లున్నవారు, గర్భిణులు దీనిని మందుగా వాడరాదు. మధుమేహమునకు మాత్రలు పుచ్చుకొనువారు వైద్యు నడిగి వాడవలయును.

పేరు చూచి మోసపోరాదు

మూలికయైనంత మాత్రమున హాని లేదనుకొనుట పెద్ద పొరపాటు. 1993లో బెల్జియము దేశపు వైద్యులొక విపత్తును లోకమునకు తెలిపిరి. లావు తగ్గుటకై చీనా మూలికలు పుచ్చుకొన్న స్త్రీలకు మూత్రపిండములు చెడినవి. తుదకు లెక్కతేలగా బాధితులు నూఱుమందికి పైబడిరి. కారణమేమి? ఒక మూలికకు బదులుగా, చీనాభాషలో దానితో ఇంచుమించు ఒకే పేరుగల మఱియొక మూలిక కలిసినది. ఆ రెండవది విషము. అవి ఎముకల మందులు కావు గాని నీతి ఒక్కటే. ఎముకకు డి విటమినును సిద్ధముచేయునది మూత్రపిండమని పైన చెప్పితిమి. ఎముకకు మందని తెచ్చినది మూత్రపిండమును చెఱచినచో, కంచె వేయబోయి గట్టు తెగగొట్టుకొన్నట్లగును.

ఆ విషపుమూలిక జాతికి చెందినవి మన ప్రాంతమునను కలవు. పశువుల పుండ్లకు వాడు గాడిదగడపాకు, పాముకాటునకని కొందఱు నమ్ము ఈశ్వరివేరు ఆ కుటుంబమువే. వీనిని మనుష్యులు లోనికి పుచ్చుకొనరాదు.

ఇంకొక మోసము దీనికంటె సామాన్యమైనది. సంతలలోను బస్సునిలయములలోను కీళ్లవాతమునకని అమ్ము కొన్ని పేరులేని పొడులలో స్టెరాయిడ్ అను ఇంగ్లీషు మందు రహస్యముగా కలుపుచుందురు. పుచ్చుకొన్న రెండుమూడు దినములకే నొప్పి మాయమగును. రోగి ఆ పొడిని వేనోళ్ల పొగడును. కాని స్టెరాయిడును నెలలతరబడి పుచ్చుకొన్న, ఎముకలను అంతగా గుల్లచేయునది మఱియొకటి లేదు. నొప్పికి కొన్న పొడి నడుము విఱుచును. చీటీ లేని పొడి, చేసినవాని పేరులేని మాత్ర ఎంత పనిచేసినను ముట్టరాదు. ఇదివఱకే నెలలతరబడి వాడుచున్నవారు ఒక్కసారిగా మానక వైద్యునికి చూపి, ఆయన చెప్పినట్లు మానవలయును.

రాగిచేనే మందుల అంగడి

ఇప్పుడు అసలు మందునకు వత్తము. హైదరాబాదునందలి జాతీయ పోషకాహారసంస్థ 2017లో ప్రకటించిన పట్టికనుబట్టి నూఱు గ్రాముల రాగులలో ఇంచుమించు 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. నూఱు గ్రాముల తెల్లబియ్యములో పది మిల్లీగ్రాములైనను లేదు. తక్కిన ఏ ధాన్యమును ఈ విషయమున రాగికి సాటిరాదు. ఆ సంస్థవారే 2020లో పెద్దలకు దినమునకు 1,000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకును పాలిచ్చు తల్లులకును 1,200 మిల్లీగ్రాములు కావలయునని నిర్ణయించిరి.

ఒకదినపు లెక్క చూడుడు. సంగటికి, అంబలికి కలిపి రాగిపిండి 150 గ్రాములు: కాల్షియము 545. పాలు ఒక పెద్ద లోటా, 200 గ్రాములు: 240. ఉలవచారునకు, గుగ్గిళ్లకు ఉలవలు 50 గ్రాములు: 135. పచ్చడిలో నువ్వులు 10 గ్రాములు: 125. మొత్తము ఇంచుమించు 1,045 మిల్లీగ్రాములు. ముట్లుడిగిన స్త్రీలు దీనికి 50 గ్రాముల మునగాకు చేర్చిన 1,200 నిండును. దీనిలో కొనవలసినది స్వల్పము. మన నేల ఈనిక యెఱుగనిది ఒక్కటియు లేదు. ఇంతకు బదులుగా దినమునకు 400 గ్రాముల తెల్లబియ్యపు అన్నమును పలుచని చారుతో తిన్నవానికి ఆ బియ్యమువలన వచ్చు కాల్షియము నలువది మిల్లీగ్రాములు దాటదు. కడుపు నిండును, ఖాతా నిండదు.

రాగిలో కాల్షియమును పట్టియుంచు ఫైటేటు అను పదార్థముకూడ కలదు. రాగులు నానబెట్టి మొలకెత్తించి ఎండబెట్టి విసరినను, పిండిని రాత్రి పులియబెట్టి అంబలి కాచినను ఆ పట్టు సడలి కాల్షియము ఎక్కువగా ఒంటబట్టును. పెద్దలు పులియబెట్టిన అంబలి త్రాగుట ఊరక పుట్టిన వాడుక కాదు.

రాగి వేలయేండ్లకు ముందు తూర్పు ఆఫ్రికా మెరకనేలలనుండి వచ్చి మన యిండ్ల బిడ్డయైనది. మన పొరుగున కర్ణాటకమందలి మండ్యలో లక్ష్మణయ్య అను శాస్త్రజ్ఞుడు మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరముచేసి ఇండాఫ్ అను అధికఫలసాయపు రకములను సృజించెను. రాగికి పురుగు పట్టదు. బాగుగా ఎండబెట్టి నిలువచేసిన ఏండ్లతరబడి చెడదు. వానలు నమ్మరాని మన సీమకు ఇంతకంటె తగిన ధాన్యమేది? అట్లయ్యు ఇరువదవ శతాబ్దమున వేరుసెనగ చేలనాక్రమించినది. చౌకబియ్యము వంటయింటి నాక్రమించినది. వేరుసెనగ ధనమిచ్చును, తప్పులేదు. కాని ధనపుపంట చేనంతయు మ్రింగి, ఇంటిల్లిపాదికి రాగులు సంతలో కొనవలసివచ్చిన, కొనుటకంటె మానుటయే జరుగును. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. పట్టణములవారు రాగిని వెలపెట్టి కొని తినుచుండగా పండించినవాని బిడ్డలు దానిని మఱచుట న్యాయమా?

ఎండ, పని

కాల్షియము తిన్నంత చాలదు, ఒంటబట్టుటకు డి విటమిను కావలయును. అది ఎండవలన చర్మములో పుట్టును. మన నీడ మనకంటె పొట్టిగా నుండు వేళనే అది బాగుగా పుట్టును. మండువేసవి మిట్టమధ్యాహ్నము మాని, తక్కిన దినములలో చేతులకు, ముఖమునకు, వీపునకు అరగంటయైన ఎండ తగులనీయవలయును.

ఎండకు కొఱతలేని సీమలో డి విటమినుకు కొఱతయా అని యడుగవచ్చును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞానసంస్థ వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనవలన తెలిసినది చూడుడు. ఆరోగ్యవంతులని తోచు జనులలోనే పలువురికి డి విటమిను చాలదు. పట్టణవాసులకంటె పల్లెవారికి అది మెఱుగు, ఎండలో పనిచేయుదురు గనుక. కాని తిండిలోని కాల్షియము పల్లెవారికే తక్కువ, ఫైటేటు ఎక్కువ. అనగా పల్లెవానికి ఎండ కలదు, తిండి లేదు. పట్టణవాసికి తిండి కలదు, ఎండ లేదు. ధర్మవరమున ప్రొద్దస్తమానము మగ్గపుగుంటలో కూర్చుండి పట్టునేయు వారును, ఇంటినుండి కదలని వృద్ధులును ఈ విషయమున మఱింత జాగ్రత్తపడవలయును.

ఎముక బరువు మోసిననే బలపడును. నడక, మెట్లెక్కుట, చేనిపని ఎముకకు ఎరువువంటివి. పొగాకు, సారాయి చీడపురుగులవంటివి.

నీటి సంగతి

మన సీమకు ప్రత్యేకమైన ముప్పొకటి కలదు. అది లోతుబోర్ల నీటిలోని ఫ్లోరైడు. 1930 తరువాతి సంవత్సరములలో పొదిలి, దర్శి ప్రాంతపు రైతులు తమ యెద్దులు కీళ్లు బిగిసి నడువజాలకుండుట గమనించిరి. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు అప్పటి నెల్లూరుజిల్లా జనులలో ఆ వ్యాధినే గుర్తించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని తెలిపిరి. మన దేశమున ఫ్లోరోసిస్‌ను మొదట కనిపెట్టినవాడు రైతే యని చెప్పవచ్చును. ఫ్లోరైడువలన ఎముక పైకి గట్టిపడినట్లుండియు పెళుసగును. వెన్ను, కీళ్లు బిగిసికొనును. పిల్లల పండ్లు గారపట్టును. తిండిలో కాల్షియము తక్కువైనవారికి ఈ కీడు మఱింత యెక్కువ.

అనంతపురముజిల్లా బోర్లలో పెక్కింట ఫ్లోరైడు మితిమీఱియున్నట్లు పరీక్షలవలన తేలినది. 1995–96 కాలమున శ్రీ సత్యసాయి త్రాగునీటిపథకము ఏడువందలకు పైగా గ్రామములకై నిర్మింపబడుటకు నీటికఱవుతోపాటు ఇదియు నొక కారణము. 2022లో మన తాలూకాలు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లాపేరు మాఱినను బోరునీరు మాఱదు. లీటరునకు 1 మిల్లీగ్రాము లోపల ఫ్లోరైడున్న నీరు మంచిది. వేఱుగతి లేనిచో 1.5 వఱకు ఓర్చుకొనవచ్చును. అంతకు మించిన నీరు త్రాగరాదు. కాచిన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి మఱింత చిక్కబడును. నీరు చెడ్డదైన ఇంట ఏ నల్లేరును, ఏ చీనామూలికయు రక్షింపజాలవు. కావున మొదట నీరు, తరువాత తిండి, ఆ తరువాతనే మూలిక.

విఱిగినప్పుడు

తిరుపతిజిల్లా పుత్తూరు ఎముకలకట్టునకు ప్రసిద్ధము. ఆకుపసరు, కోడిగ్రుడ్డుసొన, వెదురుదబ్బలు, గుడ్డ ఉపయోగించి అచ్చట కట్టు కట్టుదురు. మూడురాష్ట్రముల జనులు అచ్చటికి పోవుచుందురు. చేయి, ముంజేయి చెక్కుచెదరక సన్నగా బీటువాఱినపుడు కట్టు కదలనీయక నిలిపిన ఎముక తనంతట అతికికొనును. ప్రతి నాటుకట్టునందును గుర్తుంచుకొనవలసినది: వ్రేళ్లు నల్లబడినను, చల్లబడినను, తిమ్మిరెక్కినను కట్టును తత్‌క్షణము విప్పించవలయును. లేనియెడల రక్తము ఆడక అవయవమే పోవచ్చును. చర్మము చీలి యెముక బయటపడినను, తుంటి విఱిగినను, వెన్ను దెబ్బతిన్నను కట్టునకు పోరాదు. తుంటి విఱిగిన ముసలివారికి వీలైనంతవఱకు రెండుదినములలోపల శస్త్రచికిత్స జరిగిన మేలు. మంచముపట్టియుంచిన పుండ్లుపడును, ఊపిరితిత్తులకు నెమ్ముచేరును. ప్రాణము తీయునది తఱచుగా ఇవియే.

చిన్న పాటుకే ముంజేయిగాని తుంటిగాని విఱిగినవారును, ఏండ్లు గడచుకొలది పొట్టియై వీపు వంగినవారును డెక్సా అను ఎముకల సాంద్రతపరీక్ష చేయించుకొనవలయును. గుల్లతనము తేలినచో దానికి పరీక్షకు నిలిచిన మందులు కలవు: వారమునకొక మాత్ర, లేక ఏడాదికొక సూది. వీనివలన ఎముకలు విఱుగుట తగ్గునని వేలమందిపై జరిగిన పరీక్షలు నిరూపించినవి. మూలికలు పుచ్చుకొనువారు ఆ సంగతి వైద్యునికి దాచరాదు.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్కడు చేయలేనిది పదుగురు కూడి చేయుటయే సహకారము. ఈ విషయమున సంఘసభ్యులు చేయదగినవి అయిదు కలవు.

1. ప్రతి కుటుంబము ఇంటి తిండికి సరిపడు రాగులను కొంత మడిలోనైన పండించుకొనవలయును. మంచి విత్తనమును సంఘము మొత్తముగా తెప్పించి సకాలమున పంచవచ్చును. మిగులు ధాన్యమును మొలకరాగిపిండిగా చేయించి అమ్మిన స్త్రీలకు పనియు కలుగును.

2. ఊరి త్రాగునీటిబోర్లన్నిటిని ఏడాదికొకసారి పరీక్షింపించి, ఫలితమును అందఱికి కనబడునట్లు సంఘపు గోడమీద వ్రాయించవలయును.

3. ముసలివారున్న ప్రతి యింట రాత్రి వెలుగు, స్నానపుగదిలో పట్టుకొనుటకు గట్టి కఱ్ఱ, ఎత్తుగడపల కడ్డముగా మెట్టు ఏర్పఱచవలయును. పడకుండుటకంటె మంచి మందు లేదు.

4. ఆడపిల్లలకు పదియేండ్లనుండి పెండ్లి వఱకు పాలు, సంగటి, ఆకుకూర కొఱతలేక పెట్టవలయును. ఎముకలఖాతాలో ఎక్కువ జమపడు కాలమదియే. తిండిలో మగపిల్లవానికి ముందు, ఆడపిల్లకు చివర అను వాడుక ముప్పదియేండ్ల తరువాత విఱిగిన తుంటిగా తిరిగివచ్చును.

5. కంచెకు నల్లేరు నాటుడు. రెండు కణుపుల ముక్క చాలును, నీరు పోయనక్కఱలేదు. పచ్చడికి పచ్చడి, కంచెకు కంచె.

నల్లేరుమీద బండినడక అని మన సామెత. తీగ మెత్తనిది గనుక బండి కుదుపులేక సాగును. ఎముకల గుల్లతనము అట్టి సులభమైన దారి కాదు; ఒక తీగ కోసి నూఱిన తీఱునది కాదు. చీనాదేశపు దైవకర్షకుడు మూలికలు కనుగొనుటకు ముందు నాగలి పట్టెనని ఆ దేశస్థులు చెప్పుకొందురు. ఆ క్రమము మనకును తగినదే. మొదట చేను, తరువాత మూలిక. మన యింటి అవ్వ వేకువజామున గడప దాటి తిరిగి తన కాళ్లమీదనే లోనికి వచ్చుటకు కావలసిన ధనము నేడు మన పిల్లల సంగటిముద్దలో జమపడవలసియున్నది.